సబ్‌మిట్ కొట్టాక

గుడివాడ, హాస్టల్

ప్రియమైన అక్కకి,

ఇక్కడ ఫోన్లు ఇవ్వరు కదా, అందుకే ఈ ఉత్తరం నాన్నకి ఇస్తున్నాను. అద్దకం బట్టలు ఇవ్వడానికి మీ ఊరు వచ్చినప్పుడు ఇస్తాడు. నువ్వు ఒక్కదానివే చదువు. బావకి చూపించకు.

బావ తన నెట్ సెంటర్లో నింపిన నా నీట్ అప్లికేషన్ ప్రింటు నిన్న తీరిగ్గా చూశాను. మన పెడన పిన్‌కోడ్ ఉండాల్సిన చోట మీ అవనిగడ్డది ఉంది. అమ్మ నాన్నతో సమానంగా కలంకారీ పని చేస్తుంటే గృహిణి అని పెట్టాడు. చిన్నవే, కాదనను. కంటికి కనిపించినవే రెండుంటే కనిపించనివి ఇంకెన్నో అని భయం. బావ చెల్లెలు వెన్నెల కూడా ఈ ఏడాదే రాస్తోందిగా. దానిదీ ఇలాగే నింపాడా, లేక ఒళ్లు దగ్గర పెట్టుకుని నింపాడా?

నాకిది రెండోసారి. ఈసారి సీటు రాకపోతే చదువు మానేసి అద్దకంలో కూర్చుంటానని నాన్నకి మాటిచ్చాను.

నీ చెల్లెలు
హారిక

అవనిగడ్డ

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. మీ బావ నీ కోసం బేరాలు వదులుకుని కూర్చున్నాడు. పిన్‌కోడ్ మారితే డాక్టరువి కాకుండా పోతావా? బుద్ధిగా చదువుకో.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "హారిక అప్లికేషన్ ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను. "ఇప్పుడెందుకే, అంతా బానే ఉంది" అన్నాడు. కంచంలోంచి తల ఎత్తలేదు. చారు కూడా పోసుకోకుండా లేచిపోయాడు.

అనవసరంగా నా బుర్రలో పురుగు దూర్చావు.

నీ అక్క
యశస్విని

గుడివాడ

ప్రియమైన అక్కా,

తల ఎత్తలేదంటే ఏదో ఉంది. బావ పెడన వచ్చి నా పాస్‌వర్డ్ రాసుకెళ్లాడని నాన్న చెప్పాడు. సబ్‌మిట్ కొట్టాక ఇంక పాస్‌వర్డ్‌తో ఏం పని? తప్పులు దిద్దుకునే గడువు వచ్చే వారం మొదలవుతుందట. ఆ గడువులో ఏం దిద్దుతాడో, ఏం చెడగొడతాడో నాకేం తెలుసు?

నువ్వు ఆయన భార్యవే. కానీ అంతకుముందు నాకు అక్కవి.

హారిక

అవనిగడ్డ

ప్రియమైన హారికకి,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. నాన్న విప్పి చదవడు. అయినా ఈ సంగతి ఆయన సంచిలో పెట్టబుద్ధి కాలేదు.

నిన్న చెప్పకుండా నెట్ సెంటర్‌కి వెళ్లాను. కంప్యూటర్లో నీ అప్లికేషనే ఉంది. నన్ను చూడగానే మీ బావ చటుక్కున మూసేశాడు. వెన్నెల పేరెత్తి అనరాని మాటలన్నాను. అన్నీ విని, మళ్లీ తెరిచి నీ వేలిముద్రలు చూపించాడు.

"ఎడమ చేతి చోట కుడి చేతివి పడ్డాయే. వెన్నెలది నింపుతుంటే దాని బొటనవేలు ఇటుంది, హారికది అటుందేంటా అని అప్పుడు చూశాను" అన్నాడు.

ఆ ముద్రలు వేయించింది నాన్న. నువ్వు బయాలజీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చేతులు రెండూ ఆయనకి వదిలేశావు. చెక్క అచ్చులో కుడివైపున్న పువ్వు బట్ట మీద ఎడమవైపు పడుతుంది కదా. ఆ లెక్కనే నీ చేతుల్నీ అటూ ఇటూ మార్చేశాడు. పైగా కూతురి డాక్టరు కాగితం మీద అద్దకం తనే వేశానని పెడనంతా చెప్పుకున్నాడు.

మీ బావ నోరు మెదపనిది అందుకు. పాస్‌వర్డ్ తీసుకున్నది గడువు రాగానే దిద్దడానికి. పిన్‌కోడ్, గృహిణి తన తొందరపాటేనట, అవీ దిద్దుతాడు. "మావయ్యగారికి తెలిస్తే మళ్లీ అచ్చు పట్టుకోగలరా?" అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఇప్పుడు కొత్త ముద్రలు కావాలి. పాతవి మసకగా వచ్చాయని నాన్నతో చెప్పాం. ఆదివారం ఇంకు ప్యాడ్ పట్టుకుని తనే మీ హాస్టల్‌కి వస్తాడు. ఇంకొకరిని వేయనివ్వడట. పుస్తకం గదిలో పెట్టి రా. ఎడమ చేతికి వాచీ పెట్టుకో. ఎడమ అని రాసిన కాగితం తీయగానే, ఆయన ఏ చెయ్యి అడిగినా సరే, వాచీ ఉన్న చెయ్యే చాపు.

వెన్నెల మాట మొదట అన్నది నువ్వని మీ బావకి చెప్పలేదు. ఆ అనుమానం నాదే అనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ.

నీ అక్క
యశస్విని