రాహుకాలానికి ముందే పెట్టిన సంతకాలు

2005, మంగళవారం

బ్యాంకు మనుషులు ఈరోజు చిక్కపేటలోని నా చీరల అంగడికే వచ్చారు. కొనడానికొచ్చిన ఆడవాళ్ళ ముందే పాత కారు లోను కంతు కట్టమని నిలదీశారు. ఆ కారు ఎక్స్‌ఛేంజీలో ఇచ్చేసి నెలలు గడిచాయి. మిగిలిన లోను మేమే కడతామన్న షోరూమువాళ్ళు పైసా కట్టలేదు.

మధ్యాహ్నం షోరూముకి పోయాను. అప్పుడు మాటిచ్చిన సేల్స్‌మన్ మంజునాథ ఉద్యోగం మానేశాడట.

"లోను మేం కడతామని ఏ పేపర్లో ఉండాది, చూపించండి సార్" అన్నాడు మేనేజరు.

"మీ మనిషే నోటితో చెప్పినాడు కదప్పా!" అని అరిచాను.

"ఆయప్ప ఇప్పుడు లేడు కదా సార్" అంటూ నాకు కాఫీ తెప్పించాడు. నా పాత కారు మాత్రం ఎవరికో అమ్మేశారు.

కారు మార్చుకున్న ఆ శుక్రవారం రాహుకాలం వచ్చేలోగా కొత్త కారు షోరూము గేటు దాటాలని, వాళ్ళిచ్చిన కాగితాలన్నిటి మీదా చదవకుండానే సంతకాలు పెట్టాను. ఇప్పుడు ఏ లాయరు దగ్గరికి పోయినా ముందు ఆ సంతకాలే చూస్తాడు. ఇంక ఎవరితో కొట్లాడేది...

ఇంటికొచ్చి చెబితే నా భార్య సరోజ పంచాంగం తీసింది. "రేపు లాయరు దగ్గరికి పన్నెండు లోపలే పోండి. ఆ తర్వాత రాహుకాలం ఉండాది" అంది.

తలూపాను. ఆ శుక్రవారం కూడా మంచి ఘడియలోనే పోయాం.