పతంగి కాగితం

సికింద్రాబాద్, గురువారం రాత్రి

పోయిన మా ఆయన గిటార్ స్పీకర్ పెట్టె ఇంట్లో లేదు. బాగుచేయడానికి ఖాజా రాంగోపాల్‌పేట్‌లోని తన దుకాణానికి పట్టుకుపోయాడు. మా అమ్మాయి సునీత చర్చిలో వాయించాలంటే అది సరిగా పలకాలట.

మధ్యాహ్నం ఇక్కడే వెనక పలక విప్పి టార్చి వేసి చూశాడు. "అమ్మా, చెక్క అస్లీ, స్పీకర్ అస్లీ, ముందటి గుడ్డ సుత అస్లీనే. లోపల చినిగిన కాడ అతికిచ్చిన గీ పతంగి కాయిదం ఒక్కటే నక్లీ. గరగర అనేది గదే. తీసేస్త, జెర సుత పరేషాన్ గాకుండ్రి" అన్నాడు.

అది ఆయన మైదా ఉడికించి తన చేత్తో అతికించిన కాగితం. సునీత తీగ మీటినప్పుడల్లా పాట వెనక ఆ గరగర వినిపించేది. మాట్లాడబోయే ముందు ఆయన గొంతు సవరించుకున్నట్టే ఉండేది. పోయినవాళ్లు తిరిగి రారని పాస్టరుగారు చెబుతూనే ఉంటారు. అయినా ప్రతిసారీ తలుపు వైపు చూసేదాన్ని. భయపడుతూనే ఎదురు చూసేదాన్ని.

అలాంటిదాన్ని, ఖాజా తీసేస్తానంటే అలవాటుగా "సరే బాబూ" అనేశాను.

ప్రభువా, రేపు పొద్దున అతను షట్టర్ ఎత్తేసరికి నేను అక్కడుండాలి. ఈపాటికే పీకేసి ఉంటే...

ఇందాక మళ్లీ తలుపు వైపు చూశాను. ఏ చప్పుడూ కాలేదు.