అడ్డం వచ్చిన కుక్క

ఫిబ్రవరి 3

ఈ నోట్‌బుక్ కోసం ప్రాణాలర్పించిన చెట్లకూ, దీన్ని నమ్మి అమ్మిన స్టేషనరీ షాపాయనకూ, నా చేతిరాత దిద్దలేక రిటైరైన లెక్చరర్లకూ శతకోటి క్షమాపణలు. ఇందులో జ్ఞానం లేదు. డిగ్రీ సెకండ్ క్లాసులో పాసై, తాగుడులో డిస్టింక్షన్ కొట్టిన ఒక మహానుభావుడి నడక మాత్రమే ఉంది.

మానేసి నలభై ఒక్క రోజులు. మందు మీదికి మనసు పోయే వేళకి నడవాలట. ఇరవై నిమిషాల్లో ఆ గుంజుడు తగ్గుతుందట, డీ-అడిక్షన్ సెంటర్ కౌన్సెలర్ మేడమ్ చెప్పింది. ఇరవై నిమిషాలు నడిస్తే మందు షాపు కూడా వస్తుంది మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వలేదు. తోడు లేకుండా గడప దాటొద్దని రాసిచ్చింది.

తోడు బావ. మా అక్క మొగుడు. చేతికర్రతో.

ఫిబ్రవరి 4

ఆరు నెలల కిందట బావ నా బండి వెనక కూర్చున్నాడు. ఒళ్ళో కొత్త టేబుల్ ఫ్యాన్ పెట్టె, దాని వెనక మొహం కూడా కనపడకుండా. బండి డివైడర్‌కి గుద్దుకుంది. నాకు మోచెయ్యి గీరుకుంది. ఆయన మోకాల్లో ఇప్పుడు రెండు స్క్రూలు. కుక్క అడ్డం వచ్చిందని చెప్పాను, అందరూ నమ్మారు.

ఆ కుక్క గురించి రాయాల్సింది ఉంది. ఇవాళ కాదు.

ఫిబ్రవరి 7

సాయంత్రం మనసు మందు మీదికి పోయింది. నడిచాం. దారిలో బావ ఉన్నట్టుండి, ఒరే బామ్మర్దీ, ఆ కుక్కకేం కాలేదు కదరా అన్నాడు. పారిపోయింది బావా అన్నాను. ఏ రంగుదన్నాడు. గోధుమ రంగు అన్నాను. పోన్లే, దాని పిల్లలు ఎదురు చూస్తూ ఉంటాయి పాపం అన్నాడు.

లేనిపోని అబద్ధానికి తోక నేను తగిలించాను. పిల్లల్ని ఆయన పుట్టించాడు.

ఫిబ్రవరి 8

వాన. మేడమెట్లు ఎక్కి దిగాను, నలభై సార్లు. బావ కింది మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టాడు. దొంగలెక్క వేస్తే ఊరుకోనన్నాడు.

ఫిబ్రవరి 12

తాగి చేసిన తప్పులన్నీ రాసి తెమ్మన్నారు సెంటర్లో. పదిహేడు రాసి పైకి చదివాను. ఇంటర్వ్యూకి తాగి వెళ్ళి వాచ్‌మన్‌కి నమస్కారం పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చిన సంగతికి అందరూ పడీపడీ నవ్వారు. మేడమ్ కూడా.

పద్దెనిమిదోది రాయలేదు.

ఫిబ్రవరి 19

ఇవాళ అక్క నన్ను వంటింట్లో పట్టుకుంది. ఫిజియోథెరపీ ఆయన అర కిలోమీటరు దాటొద్దన్నాడట. మేం రోజూ రెండున్నర నడుస్తున్నాం, స్కూలు గోడ చుట్టూ తిరిగి. అటైతే నీడగా ఉంటుందిరా అంటాడు బావ. సాయంత్రం ఆరున్నరకి నీడేమిటని డిగ్రీ చదివిన నాకు తట్టలేదు.

దగ్గరి దారిలో మందు షాపు ఉంది. అందుకు.

ఇంటికొచ్చి తలుపేసుకుని మోకాలికి ఐస్ పెట్టుకుంటున్నాడట. ఎందుకీ అవస్థ అని అక్క అడిగితే, ముందు వాణ్ణి మనిషిని కానీవే, మోకాలు ఎక్కడికి పోతుంది అన్నాడట. వాడితో మాత్రం అనకని ఒట్టు కూడా వేయించుకున్నాడట.

తల కొట్టేసినట్టయింది. జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

ఫిబ్రవరి 20

నడవలేదు. కాలు నొప్పని చెప్పాను. ఎవరికి! బావకి!

ఫిబ్రవరి 21, సాయంత్రం 7.10

స్కూలు గోడ దగ్గర చెప్పేశాను. బావ మలుపులో ఆగాడు. కాసేపు దగ్గరి దారి వైపు చూశాడు. తర్వాత కర్ర టకటకలాడించుకుంటూ చుట్టుదారే పట్టాడు. నేను వెనకే.

చెప్పింది ఇదీ: కుక్క లేదు బావా. తాగి ఉన్నాను. బండి మీద నిద్రపోయాను.