పళ్ళు కనపడే తాళంచెవి

నవంబరు 9, ఆదివారం
దుకాణంలో, షట్టరు సగం దించుకుని

చిట్టి చెల్లాయికి, అక్క మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, అమ్మ, మీ బావ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. ఊరికే తలుచుకుని కూర్చోలేకే ఈ ఉత్తరం. చివరిదాకా చదువు. మధ్యలో కోపం వస్తే కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టు.

ముందు కబుర్లు. అమ్మ మోకాళ్ళు ఫరవాలేదు, నోరు మాత్రం ఇంకా బాగుంది. మీ బావ కొత్త కళ్ళజోడు కొనుక్కుని, దాన్ని నెత్తిమీదకి తోసుకుని, ఇల్లంతా వెతుకుతూ ఉంటాడు. నాన్న పోయాక తాళాల దుకాణం ఆడది ఏం నడుపుతుందిలే అన్న పెద్దమనుషులే, తలుపు తాళం పడిపోతే నాకోసం చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న దుకాణానికి వాడొచ్చాడు. వద్దని మొహం మీద చెప్పినా వినకుండా, పెళ్ళి పెళ్ళంటూ నీ పాత ఆసుపత్రి గేటు దగ్గరా, బస్టాపు దగ్గరా కాపు కాసిన ఆ బీమా ఏజెంటే. వాడి మూలానే కదా నువ్వు ఉద్యోగం మారావు, నంబరు మార్చావు, చివరికి ఊరే వదిలిపెట్టావు. నీ అడ్రసు నాకు కూడా చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీ భయం. నిజమేలే, నేను కాదనను. వారానికోసారి నీ ఫోను కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నాను.

వాడు ఒక తాళంచెవి నా ముందు పెట్టి, దానికి జోడు చేసిపెట్టమన్నాడు. నేను ఆకురాయి పడుతుంటే నీ ఊసెత్తాడు. నువ్వెక్కడున్నావో నాకే తెలియదన్నాను. దానికి వాడు ఒక నవ్వు నవ్వి, ఊరు మారితే ఏమైందండీ, ఆట మారలేదుగా అన్నాడు. నా వేలు తెగింది చిట్టీ. రక్తం వస్తున్నది కూడా చూసుకోలేదు.

ఆ సాయంత్రమే మీ బావ చేత నా ఫోనులో నువ్వు రోజూ ఆడే ఆ కోటల ఆట పెట్టించుకున్నాను. అబ్బ, ఎన్ని అడుగుతుందే అది! నీ ఫొటోలు చూడనా, నీ ఫోనులో ఉన్నవాళ్ళ పేర్లన్నీ తీసుకోనా, నువ్వు ఎక్కడున్నావో కనిపెట్టుకుని ఉండనా అంటుంది. గొళ్ళెం కొనడానికొచ్చినవాడు మన వంటిల్లు చూపించమన్నట్టుంది. అన్నిటికీ వద్దు అని నొక్కాను. అయినా ఆట హాయిగా నడిచింది. మరి నువ్వు అన్నిటికీ సరే అని ఎందుకు నొక్కావే తల్లీ?

నాకు పాతసామాను అని పేరు పెట్టుకున్నాను. నిన్ను వెతకడం ఎంతసేపు! పాత ఆసుపత్రిలో అందరికీ తెలిసిన పిడుగు అనే పేరే, వెనకాల నువ్వు పుట్టిన సంవత్సరంతో సహా. పైగా అందరూ చదివే చోట నీ కబుర్లు కుప్పలు కుప్పలు. కొత్త ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనట. ఈ నెలంతా రాత్రి డ్యూటీ అట. పొద్దున వచ్చి పడుకుందామంటే కింద కుట్టుమిషన్ల రొదట. నీ పుట్టినరోజుకి ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా శుభాకాంక్షలు చెప్పారు. పైగా రాజహంస అని ఒకడు, తేనె పూసినట్టు మాట్లాడతాడు. మీ వైపు వానలా, ఒక్కదానివే ఉంటావా, గదిలో భయం వెయ్యదా అని. నువ్వేమో వాడికి ఓపిగ్గా జవాబులు చెప్పావు. ఈ రాజహంస ఆ బీమా ఏజెంటో కాదో నాకు తెలియదు. తెలియకపోవడమే నా గుండెల్లో రాయిలా ఉంది.

ఇదంతా ఒక ఎత్తు, ఆ ఫొటో ఒక ఎత్తు. ఎవరి బల్ల బాగుందో చూపిస్తే కోటకి కొత్త బురుజు ఇస్తామన్నారని, నీ గదిలో బల్ల ఫొటో తీసి పెట్టావు. కిటికీలోంచి కింద కుట్టుదుకాణం బోర్డు కనిపిస్తోంది, వీధి పేరూ ఊరి పేరూ శుభ్రంగా చదువుకోవచ్చు. కాఫీ కప్పుకీ, ఒక పెన్సిలు బ్యాటరీకీ మధ్యన నీ గది తాళంచెవి పడుకుని ఉంది, పళ్ళన్నీ బయటపెట్టుకుని. తాళాలవాడి కూతురివి కదే నువ్వు! ఇంకెవరైనా అయితే తెలియక చేశారనుకుందును.

నాన్న పద్ధతి మర్చిపోయావా? చెవి చేయించుకోడానికి వచ్చినవాడి ఊరూ పేరూ మనం అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పబోయినా మాట మార్చెయ్యాలి. చెవి ఒక్కటే ఉంటే ఇనపముక్క, అడ్రసు ఒక్కటే ఉంటే ఉత్త గోడ, రెండూ ఒకడి చేతిలో పడితే ఇల్లు వాడిదే అనేవాడు. నువ్వు ఒకసారి పేరు చెప్పావు, ఒకసారి పని చెప్పావు, ఇంకోసారి వేళ చెప్పావు. ఏ ఒక్కదానికీ నీకు భయం వెయ్యలేదు, ఎందుకంటే దేనికదే చిన్న ముక్క. వినేవాడు మాత్రం అన్నీ ఒకచోటే దాచుకుంటాడు.

పోయినసారి ఫోనులో ఇది చెప్పబోతే, నీదంతా అనుమానం అక్కా, అది ఉత్త ఆట అన్నావు. రాత్రంతా నిలబడి, మనుషుల రక్తం చూసి చూసి వచ్చేదాన్ని, కాసేపు కోట కట్టుకుంటే తప్పా అని కూడా అన్నావు. తప్పు కాదమ్మా. ఆడుకో. వాడెవడో వెంటబడ్డాడని నీ సంతోషం నువ్వెందుకు వదులుకోవాలి? ఆ పిడుగుని మాత్రం తీసేసి, నీతో ఏ సంబంధమూ లేని పేరు పెట్టుకో. పుట్టినరోజు ఆట అడిగితే ఏదో ఒక రోజు చెప్పు, దానికి నువ్వేమీ కేకు బాకీ లేవు. నువ్వెక్కడున్నావో చూసే మీట ఆపెయ్యి. ఆ ఫొటో తీసెయ్యి. ఆటకీ, ఆసుపత్రికీ, బ్యాంకుకీ ఒకటే పాస్‌వర్డు పెట్టి ఉంటావు, నాకు తెలుసు నీ బద్ధకం, అన్నీ వేరు వేరుగా మార్చు. రాజహంసని గెంటేసే మీట కూడా ఉందట, మీ బావ చూపించాడు. నువ్వు నిజంగా ఎరిగినవాళ్ళతోనే జట్టు కట్టు. నన్ను కూడా చేర్చుకో, బురుజు కట్టడం చేతకాదు గానీ కాపలా బాగా కాస్తాను.

కోపం లేదు నీమీద. ఉంది, కొంచెం. భయం చాలా ఉంది. నీకు ఏమైనా అయితే అమ్మకి ఏం చెప్పను, నాకు నేను ఏం చెప్పుకోను?

నీ క్షేమం తప్ప ఇంకేమీ కోరని
అక్క

తా.క. పై ఉత్తరమంతా నిన్న దుకాణంలో రాశాను. ఈ నాలుగు ముక్కలు నీ కుర్చీలో కూర్చుని, నీ పెన్నుతో రాస్తున్నాను. నువ్వు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు.

అవును, నీ గదే. బోర్డు చూసి ఊరు పట్టుకున్నాను, రొద విని మెట్లు పట్టుకున్నాను. కుట్టేవాళ్ళు తలెత్తి ఎవరమ్మా నువ్వని కూడా అడగలేదు. ఈ కవరులో ఉన్న తాళంచెవి నేను నీ ఫొటో చూసి కోసింది, పక్కనున్న బ్యాటరీ సైజు తెలిసిందే కదా, దాన్ని బట్టి కొలత తీసుకున్నాను. ఇక్కడ గుమ్మం దగ్గర ఇంకో రెండు రాపిళ్ళు పెట్టాను, అంతే, తిరిగింది. తలుపు తెరుచుకోగానే సంతోషించాల్సింది పోయి అక్కడే కూలబడి ఏడ్చాను. తెరుచుకోకూడదని దారంతా మొక్కుకుంటూ వచ్చానే.

నిన్ను బెదిరించాలని కాదు, క్షమించు. చెప్తే నమ్మవని చేసి చూపించాను. ఫొటో వాడికీ కనపడుతుంది. తాళాలవాళ్ళు నేనొక్కదాన్నే కాదు.

వీధి చివర టీకొట్టు దగ్గర కూర్చుని ఉంటాను. చదవగానే కిందికి రా. సంచిలో కొత్త తాళం ఉంది, ఇద్దరం కలిసి బిగిద్దాం. దాని చెవి మాత్రం నాకు కూడా చూపించకు.