ఆదివారం మూడు జవాబులు

ఒరేయ్ బుజ్జిగా, నా కొడుకు కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్ అయ్యాడురా!

ముందు ఆశీర్వాదం రాసి, తరువాత క్షేమం రాసి, ఆ పైన విషయంలోకి రావాలి. చెయ్యి ఆగలేదు. ఇప్పుడు రాస్తున్నాను, తీసుకో. చిరంజీవి బుజ్జికి నాన్న వేయి దీవెనలు. నేను క్షేమం. నువ్వూ, కోడలూ, మనవరాలూ క్షేమమని తలుస్తాను. కోడలు పంపిన స్వెట్టరు సరిపోయింది. నలభై ఆరేళ్ళ మేనేజింగ్ డైరెక్టర్ని బుజ్జిగా అనకూడదేమో, కానీ ఆ పెద్ద మాట తప్పు లేకుండా రాసేసరికి రెండు కాగితాలు పాడయ్యాయి. బుజ్జి అయితే రెండక్షరాలతో పోతుంది.

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. మెట్ల మీద నిలబడే చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా కింది అంతస్తు దర్జీ దగ్గరకు పరుగెత్తాను. “యుద్ధంలో ఒక చెవి వదిలేసి వచ్చినవాడు నీళ్ళ పంపుల ఫ్యాక్టరీ మొత్తానికి పెద్దయ్యాడయ్యా!” అని అరిచాను. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ఎత్తిన చేతులు దించడం మరిచిపోయి నన్నే చూసింది.

ఆ ఫ్యాక్టరీలో నీ మొదటి రోజు గుర్తుందా? “పంపు టెస్టింగ్ అంటే చెవితో చేసే పని. ఫిరంగి మోతకి చెవి పోయినవాడు ఇక్కడేం చేస్తాడు?” అన్నాడట ఫోర్‌మన్. నువ్వు స్క్రూడ్రైవర్ కొనను నడుస్తున్న పంపుకీ, పిడిని చెవి వెనక ఎముకకీ ఆనించి, “వెనక బేరింగు పోయింది, విప్పండి” అన్నావట. విప్పితే లోపల గుండు ఒకటి చిట్లి ఉందట. ఆ విద్య నేర్పింది ఎవరు? మిల్లులో ఫిట్టరుగా చేసిన ఈ నాన్న! నీకు ఏడేళ్ళప్పుడు, ఇంట్లో ఫ్యాను మోటారు మీద. ఆ తరువాత నీలాగే యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆరుగురికి అదే టెస్టింగ్ బల్ల దగ్గర పని ఇప్పించావని కోడలు రాసింది. ఇదంతా దర్జీకి పదకొండుసార్లు చెప్పాను.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. శుభవార్త కింద మన ఆదివారం ఫోను మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశావు. “నన్ను కంపెనీకి పెద్దని చేశారు నాన్నా” అని నువ్వంటే, నేను “ఆఁ, తిన్నాను” అన్నానట. “నీకు సంతోషమేనా?” అంటే “ఏదో, అంతంతమాత్రం” అన్నానట. “పదో తేదీన కొత్త షెడ్డులో మొదటి పంపు నువ్వే ఆన్ చెయ్యాలి, వస్తావా?” అంటే “నాకేం వద్దు నాన్నా” అన్నానట! చివర నువ్వు రాసిన ముక్క మాత్రం నాలుగుసార్లు చదివాను. “సైన్యంలో చేరినందుకు నీకింకా కోపమేనా?”

కోపం ఉండేది, దాచను. నువ్వు పటాలానికి వెళ్ళిన రోజు స్టేషన్‌కి రాలేదు. మిల్లులో సెలవు దొరకలేదన్నాను. అబద్ధం. సెలవు పెట్టి, రైలు కూత వేసి వెళ్ళేదాకా స్టేషన్ గోడ అవతల బెంచీ మీద కూర్చున్నాను. ఆ కోపం నువ్వు ప్రాణాలతో గుమ్మంలో నిలబడిన రోజే కరిగిపోయింది. నీతో ఆ మాట అనడానికి నోరు రాలేదు, అంతే.

అసలు సంగతి వేరు. నాకు వినపడదు బుజ్జిగా. రెండు చెవులూ. ఏడాదిన్నరయింది. మీ అమ్మ పోయాక గదిలో మాట్లాడేవాళ్ళు లేరు కదా, చెవులు పోతున్న సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది. కిటికీ కింద బస్సులు దూదితో చేసినట్టు వచ్చి పోతాయి. కుళాయి కట్టేశానో లేదో చేత్తో తడిమి చూసుకుంటాను. ఫోనులో మటుకు సీసాలో తుమ్మెద తిరిగినట్టు సన్నని రొద ఒకటి తెలుస్తుంది. అది నువ్వు. నువ్వు ప్రతి ఆదివారం పటాలంలో హాజరు వేసినట్టు ఒకే వరుసలో అడుగుతావు: తిన్నావా, నిద్ర పడుతోందా, ఏమైనా కావాలా. తుమ్మెద ఆగినప్పుడల్లా ఒక జవాబు వదిలేవాణ్ణి. డెబ్బై ఆదివారాలు నెగ్గుకొచ్చాను. మొన్న నువ్వు వరుస మార్చావు.

ఎందుకు చెప్పలేదంటావు. ఒక చెవి పోయినవాడి దగ్గర నాకు రెండూ పోయాయని గొప్పలు పోవడం ఎందుకులే అని. కాదులే. వినపడదని తెలిస్తే ఫోను చెయ్యడం మానేస్తావేమోనని భయం. దర్జీ ఒక్కడికే తెలుసు. నాతో ఏం చెప్పాలన్నా సుద్దతో గుడ్డ మీద రాస్తాడు. నిన్న కోటు లైనింగు మీద ఇలా రాశాడు: “నాకు చెప్పింది చాలు పెద్దాయనా, నీ చెవుల ముచ్చట కొడుక్కి చెప్పి పుణ్యం కట్టుకో.”

యుద్ధం నుంచి వచ్చాక, ఇంట్లో అందరూ నవ్వితే నువ్వొక క్షణం ఆలస్యంగా నవ్వేవాడివి. పొగరనుకున్నాను. ఇప్పుడు మెట్ల మీద పక్కింటివాళ్ళు నవ్వితే, వాళ్ళ మొహాలు చూసి నేనూ వెనకాల నవ్వుతున్నాను. ఎంత ఒంటరి నవ్వురా అది! ఇన్నేళ్ళూ ఎలా నవ్వావు?

సరే, ఆ మూడింటికీ అసలు జవాబులు ఇవి. ఒకటి, విన్నాను, కళ్ళతో. రెండు, సంతోషం పట్టక గదిలో చోటు చాలడం లేదు. మూడు, వస్తున్నాను. నా పాత స్క్రూడ్రైవర్ తెచ్చుకుంటాను. నిన్న దాన్ని ఫ్రిజ్‌కి ఆనించి, చెవి వెనక పెట్టి చూశాను. వినపడిందిరా! ఏడాదిన్నరగా ఈ గదిలో ఆ ఫ్రిజ్ నా పక్కనే గొణుగుతోందట. ఎముక ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇట్లు,
తొమ్మిదో తేదీ సాయంత్రానికే దిగబోయే
మీ నాన్న

మనవాళ్ళందరికీ ఈ కబురు నువ్వే చెప్పాలి, నా ఫోను సంగతి తెలిసిందిగా:

మీ పెద్దత్తయ్య. ముందు కూర్చోమని, అప్పుడు చెప్పు.
మీ అక్క. ఏడుస్తుంది, ఏడవనీ.
మీ బావ. నీ హోదా పేరు నెమ్మదిగా, విడివిడిగా పలుకు.
మీ మావయ్య. “పటాలం నుంచి వచ్చినోడికి గేటు కాపలాయే గతి” అన్నాడు చూడు, ఆయనకి రెండుసార్లు చెప్పు.
మీ నాన్న. ఆయన చదివాడే గాని ఇంకా వినలేదు. పదో తేదీన ఆ స్క్రూడ్రైవర్ పిడి ఆయన చెవి వెనక ఆనించి, రెండో కొన నీ దవడకి పెట్టుకుని చెప్పు. వింటాడు.