దాటుపప్పు

నా బంగారు అక్కా,

నీ వెనకగది ఇంకా ఖాళీగానే ఉందా? కుట్టుమిషను కాస్త పక్కకి జరిపితే ఒక మంచం పడుతుందా? ముందే అడిగేస్తున్నాను. కుశల ప్రశ్నలతో మొదలుపెట్టానంటే అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నా ధైర్యం ఆవిరైపోతుంది. కొత్త సంవత్సరం రొట్టె కొయ్యకముందే నీ దగ్గరికి వచ్చేద్దామనుకుంటున్నాను. చూసిపోవడానికి కాదు, ఉండిపోవడానికి.

కంగారుపడకు. ఇక్కడ నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు అనేసి, కడుపునిండా అన్నం తిని పడుకునేదాన్ని. నా సంగతి నీకు తెలుసుగా.

ఇప్పుడు మధ్యాహ్నం. పొద్దుటి బ్రెడ్డంతా అమ్ముడుపోయింది. మరిదీ తోడికోడలూ మేడమీద కునుకు తీస్తున్నారు. నేను కింద పిండి కలిపే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. కిటికీలోంచి పడుతున్న ఎండలో పిండి తేలుతోంది. అది పైకీ పోదు, కిందకీ దిగదు. ఆయన పోయినప్పటి నుంచీ నా రోజులు కూడా ఇలాగే గడుస్తున్నాయి. ఒక్కోసారి నా వెనక తూకపు రాళ్ళు సర్దుతున్న చప్పుడు వినిపిస్తుంది. తిరిగి చూడను. చూస్తే ఆయన ఉండరని తెలుసు. చూడకుండా పిండి పిసుకుతూ ఉంటే కాసేపు ఉంటారు. ఇలాంటివి నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

ఏడాది చివరికొచ్చింది కదా, ఏం తింటే అదృష్టం వస్తుందన్నదే మా వీధిలో ఇప్పుడు పెద్ద చర్చ. గడియారాలు బాగుచేసే ఆయన ఇంట్లో ఆ రోజు పొడుగాటి నూడుల్సు తింటారట. కొరక్కుండా జుర్రాలి, కొరికితే ఆయుష్షు తెగిపోతుందట. ఎదురింటి నర్సమ్మ గుప్పెడు పప్పుగింజలు ఉడకబెట్టుకుని తింటుంది. అవి నాణేల్లా గుండ్రంగా ఉంటాయి కాబట్టి డబ్బొస్తుందని నమ్మకం. ఎప్పటినుంచో తింటోంది పాపం, ఇంకా అద్దె ఇంట్లోనే ఉంది, నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. ఇస్త్రీ షాపు వాళ్ళు ఆ రోజు కోడిని ముట్టరు, చేపే తింటారు. కోడి వెనక్కి గీరుతుందట, చేప ముందుకే ఈదుతుందట. బ్రెడ్డు కట్టిస్తూ ఈ కబుర్లన్నీ వింటుంటే నాకు కలలో నడుస్తున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్ళంతా కూడబలుక్కుని పిల్లలైపోయినట్టు అనిపిస్తుంది.

మా ఇంట్లోదీ పిల్లతనమే. తొలిరోజు తెల్లవారగానే ఒక తియ్య రొట్టె కోస్తాం. గుండ్రంగా, పళ్ళెమంత ఉంటుంది. అందులో ఎక్కడో ఒకే ఒక్క బాదంపప్పు దాగి ఉంటుంది. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ ఏడాది ఇల్లు దాటి వేరే చోట కొత్త బతుకు మొదలుపెడతారు. అదీ ఈ ఇంటి అదృష్టం. అందుకే దాన్ని దాటుపప్పు అంటారు. మరిదికి వచ్చిన ఏడు వాడు పని నేర్చుకోవడానికి పెద్ద ఊరు వెళ్ళాడు, వస్తూ వస్తూ తోడికోడల్ని తెచ్చుకున్నాడు. మా మామగారి తల్లికి వచ్చిన ఏడు ఆవిడ పోయిందట. అదీ దాటడమేగా అంటాడు మరిది. పప్పు వచ్చినవాళ్ళు వెళ్తామంటే ఈ ఇంట్లో ఎవరూ వద్దనరు, ఎందుకని అడగరు.

అక్కా, రెండేళ్ళుగా ఆ పప్పు నాకే వస్తోంది.

మొదటి ఏడు ఏదో వచ్చిందిలే అనుకుని నమిలేశాను. పోయిన ఏడు మాత్రం నా కళ్ళతో చూశాను. కోసేముందు అత్తయ్య రొట్టె చుట్టూ వేళ్ళతో తడిమింది, ఒక చోట ఆగింది, రొట్టెని మెల్లిగా తిప్పి మరీ కత్తి పెట్టింది. ఆవిడ ఎడమ పక్కన కూర్చునేది నేనే కదా. నా ముక్క కొరకగానే పంటికింద పప్పు తగిలింది. అత్తయ్య నా వైపు చూసి, నిట్టూర్చి, "మళ్ళీ నీకేనా!" అంది. ఎంత నటన! తన చేత్తో నా ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు ఆ నిట్టూర్పొకటి.

పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదా. ఆవిడ మంచిది. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదురు ఒత్తింది. ఆయన చొక్కాలు నేను ఎవరికీ ఇవ్వలేనంటే సరేనని తనే మడతపెట్టి దాచింది. అంత మంచిది కాబట్టే నోటితో వెళ్ళిపొమ్మనలేక రొట్టెతో చెప్పిస్తోంది. కొడుకే లేనప్పుడు కోడలెందుకు? ఆవిడ తప్పు పట్టను. మూడోసారి కూడా ఆ పప్పు నా పంటికింద పడితే మాత్రం తట్టుకోలేను. అందరిముందూ ఏడ్చేస్తాను. అంతకన్నా ముందే మర్యాదగా వచ్చేయడం నయం.

గది సంగతి వెంటనే రాయి.

నీ వెంట తిరిగిన
తోక

*

అక్కా, నా అక్కా,

నీ జవాబు అందింది. మంచం కూడా కొనేశావా! నేను వస్తానంటే ఇంత సంబరపడే మనిషి ఒకరున్నారని చూసి, ఉత్తరం పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. కానీ నువ్వు నన్ను తిట్టాలి. నేను పప్పులో కాలేశాను. మామూలుగా కాదు, మోకాలిదాకా దిగబడ్డాను.

నిన్న పొద్దున ఎంత మంచు కురిసిందంటే, ఎదురింటి దీపం గాల్లో వేలాడుతున్నట్టుంది, ఇల్లు మాత్రం లేదు. అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి, "నాకు రోజూ ఇలాగే ఉంటుందే," అంది. నాకు అర్థం కాలేదు. "కళ్ళు మసకలేసి చాలా కాలమైంది. మీకెవరికీ చెప్పలేదు. ఈ ఏడు తొలిరొట్టె నువ్వే చెయ్యి. నేను దగ్గరుండి చెప్తా," అంది.

పిండిలో పాలూ వెన్నా పోసి పిసకడం మొదలుపెట్టాను. ఇది తొలిరొట్టె కాదు, చెయ్యి తిరగడానికి చేసే ఉత్తుత్తి రొట్టె. పొంగిన ముద్దని గుండ్రంగా చేశాక అత్తయ్య తలుపు మూసి వచ్చింది. నా చేతిలో బాదంపప్పు పెట్టింది.

"దీన్ని అంచుకి దగ్గరగా గుచ్చు. పైన కత్తితో వడ్లగింజంత గాటు పెట్టు. మా అత్త నాకు చెప్పిన రహస్యం, ఇప్పుడు నీకు చెప్తున్నా. ఎవరికి చేరాలో వాళ్ళ వైపు ఆ గాటు తిప్పి కొయ్యాలి."

అనుకున్నదే అయింది. ఇక దాచుకోలేక అడిగేశాను. "మరి రెండేళ్ళుగా నా వైపు ఎందుకు తిప్పారత్తయ్యా?"

"నీ వైపా? నీ వైపు ఎందుకు తిప్పుతానే? నా వైపు తిప్పుకున్నా!"

నేను చేతిలోని పప్పు వంకా ఆవిడ వంకా చూశాను.

"రెండేళ్ళూ నా వైపే తిప్పుకున్నా. రెండేళ్ళూ నీ నోట్లోకే పోయింది, నా ఖర్మ. కళ్ళకి ఆనక చేత్తో తడుముకున్నా. గాటు తగిలింది, నా వైపు తిప్పుకున్నా, కోశా. మరి నీ ముక్కలోకి ఎలా దూకిందో ఆ పప్పుకే తెలియాలి."

నేను మెల్లిగా ఓవెన్ వైపు చూశాను. అక్కా, మా ఓవెన్లో కుడిపక్క మంట ఎక్కువ. ఏ రొట్టె పెట్టినా ఆ పక్క కాస్త పగులుతుంది. అత్తయ్య ఎప్పుడూ గాటుని తలుపు వైపు ఉంచి రొట్టెని లోపలికి తోస్తుంది. వేళ్ళకి తగిలింది గాటు కాదు, పగులు! పగుల్ని తన వైపు తిప్పుకుంటే, అసలు గాటు సరిగ్గా ఎడమ పక్కకి వస్తుంది. అంటే నా దగ్గరికి. నేను చెప్పగానే అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. పిండి చేతులతో కళ్ళు తుడుచుకుని మొహాలు తెల్లగా చేసుకున్నాం. ఆయన పోయాక నేను అలా నవ్వింది లేదు.

నవ్వు ఆగాక అడిగాను, "మీకెందుకత్తయ్యా దాటుపప్పు?"

ఆవిడకి ఒక చెల్లెలుంది. సరస్సు ఒడ్డున చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఏటా రమ్మంటుంది. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరూ ఒక్క వారం కూడా కలిసి ఉండలేదట. "పొద్దున లేచి ఓవెన్ మొహం కాకుండా నీళ్ళ మొహం చూడాలని ఉందే. ఈ కళ్ళు పూర్తిగా పోకముందే చూడాలి. కానీ నోరు తెరిచి ఎలా అడగను? మొగుడు పోయిన కోడల్ని వదిలేసి చెల్లెలి పక్కన కులాసాగా కూర్చుందనరూ? లోకం మాట పోనీ, నీ మొహం చూసి వెళ్తానని ఎలా చెప్పను? అదే పప్పు వస్తే ఎవరూ ఏమీ అనరు. నువ్వు కూడా అనవు." ఇంత చెప్పి, ఇంకేమీ వినకుండా ఉత్తుత్తి రొట్టెని ఓవెన్లోకి తోసేసింది.

అక్కా, నన్ను వెళ్ళగొట్టాలని ఎవరూ చూడలేదని తెలిసి గాల్లో తేలినట్టయింది. అది ఎంతసేపు? సాయంత్రం బట్టలు ఆరేస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనెవర్ని? ఆయన లేరు. ఆవిడ ఉన్నంతకాలం నేను కోడల్ని. ఆవిడ కూడా లేకపోతే మరిదీ తోడికోడలూ కాపురం చేసుకుంటున్న ఇంట్లో ఒక మూల గదిలో ఉండే మనిషిని, అంతే. పైగా, ఎలా చెప్పను, నాకు ఆవిడ కావాలి. ఆయన చిన్నప్పటి మాటలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. పిండి పిసికేటప్పుడు ఆవిడ మణికట్టు తిరిగే తీరు అచ్చం ఆయనదే.

ఇప్పుడు రొట్టె చేసేది నేను. కోసేదీ నేనే. గాటు ఎటు తిప్పాలో నా ఇష్టం. మరిది వైపు తిప్పితే వాడు నవ్వేసి ఊరుకుంటాడు, అత్తయ్య ఇంకో ఏడు నా పక్కనే ఉంటుంది. ఆవిడ కంటికి ఆనదు, నన్ను అనుమానించదు. ఎంత తేలికో చూడు. అంత తేలికగా ఉండటమే నాకు భయంగా ఉంది.

గది ఖాళీగానే ఉండనీ. ఏమవుతుందో రాస్తాను.

నీ
తోక

*

అక్కా,

కొత్త సంవత్సరం వచ్చింది. బయట వీధంతా పాలలో ముంచి తీసినట్టుంది. మనుషులు మంచులోంచి వచ్చి, బ్రెడ్డు తీసుకుని, మళ్ళీ మంచులో కలిసిపోతున్నారు. మరిది కౌంటరు చూసుకుంటున్నాడు. నేను పైకొచ్చి, చేతులు కడుక్కోకుండానే నీకు రాస్తున్నాను.

పొద్దున రొట్టె ఓవెన్లోంచి తీశాను. బంగారు రంగు తిరిగి, వెన్నా యాలకుల వాసనతో ఇల్లంతా మత్తెక్కించింది. కుడిపక్క మామూలుగానే పగిలింది. గాటు స్పష్టంగా కనిపిస్తోంది. బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. కత్తి నా చేతిలో ఉంది. అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితం వినబోయే పిల్లలా ముందుకు వంగి కూర్చుంది. రొట్టెకేసి చూస్తోంది కానీ ఆవిడకి కనబడేది పొగమంచేనని నాకు తెలుసు.

నిజం చెప్తాను. నేను రొట్టెని మరిది వైపు తిప్పాను. కత్తి ఆనించాను కూడా. అప్పుడు అత్తయ్య నా భుజం మీద పడిన పిండి దులిపింది. ఊరికే, అలవాటు కొద్దీ. కనబడదుగా, చేత్తో తడిమి దులిపింది. రొట్టెని మళ్ళీ తిప్పాను. గాటు సరిగ్గా ఆవిడ ఎదురుగా వచ్చేదాకా తిప్పి, కోసి, ఆ ముక్క ఆవిడ చేతిలో పెట్టాను.

అందరం తిన్నాం. తోడికోడలు తన ముక్కని పొడిపొడి చేసి వెతికి, "నాకు లేదక్కా," అంది. మరిది రెండు గుటకల్లో మింగేసి లేదన్నాడు. నాకూ లేదు. అందరం అత్తయ్య వైపు చూశాం. ఆవిడ తాపీగా నమిలి, మింగి, పెదాలు తుడుచుకుంది.

"నాకూ లేదే. పప్పు వెయ్యడం మరిచిపోయినట్టున్నావు."

"వదిన పప్పులో కాలేసింది!" అని మరిది బల్ల చరిచి నవ్వాడు.

అక్కా, ఆ పప్పుని నా వేళ్ళతో గుచ్చాను. ఆ ముక్కని నా చేత్తో ఇచ్చాను. చూస్తే అత్తయ్య ఎడమ బుగ్గ కాస్త ఉబ్బి ఉంది.

"బుగ్గలో ఏమిటత్తయ్యా?"

"ఏముంటుంది? పన్ను సలుపుతోంది."

"మీ పప్పులు నా దగ్గర ఉడకవు. తియ్యండి."

ఆవిడ నోరు గట్టిగా మూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెయ్యి చాచి అలాగే కూర్చున్నాను. కాసేపటికి, దొంగతనంగా మిఠాయి తిని దొరికిపోయిన పిల్లలా, ఆ బాదంపప్పుని నా అరచేతిలోకి వదిలింది. ఒక్క పంటిగాటు కూడా పడలేదు. మరిది నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"పప్పు రావాలని రెండేళ్ళు ఎదురుచూశారు కదా. వచ్చాక దాచేస్తారా?" అన్నాను.

"రెండుసార్లు తప్పింది, ఇక రాదులే అన్న ధైర్యంతో కోరుకున్నానే. నువ్వు గాటు నా వైపు తిప్పి ఇచ్చేస్తావని అనుకోలేదు. నేను పోతే నువ్వేమైపోతావు?"

నా భయం కూడా అదేనని ఆవిడకి చెప్పలేకపోయాను. ఈలోగా మరిది లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఏమిటీ గొడవ? నువ్వు పిన్ని దగ్గరికెళ్తే వదినకేం? వదిన వెళ్తేనే మనం మునుగుతాం. ఈస్టు డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు, ఏ ట్రే ముందు తియ్యాలో దీనికి తెలియదు. ఇంటి పెద్ద కూర్చుని ఏడిస్తే షాపు ఎవరు తెరుస్తారు వదినా?"

ఇంటి పెద్ద అన్నాడక్కా, నన్ను. వాడికి తెలియకుండానే నోటికొచ్చింది. తోడికోడలు అప్పటికే అత్తయ్య పెట్టెలో ఏ స్వెట్టర్లు పెట్టాలో లెక్కేస్తోంది.

అత్తయ్య మాత్రం వాళ్ళవైపు చూడలేదు. నా చెయ్యి వెతికి పట్టుకుంది. పిండీ తడీ కలిసిన నా అరచేతిలో ఆ పప్పు ఇంకా అలాగే ఉంది.

"నేను వెళ్తే ఏడుస్తావే నువ్వు," అంది.

"ఏడుస్తానత్తయ్యా," అన్నాను. "అయినా వెళ్ళండి."

నీ
తోక