తెక్లా బొమ్మ

మాల్మో, స్వీడన్
18 జూన్ 1945

అమ్మా,

బతికే ఉన్నాను, దిగులు పడకు. ఆసుపత్రిలో పాలూ రొట్టే బాగానే పెడుతున్నారు గానీ మన మాట ఒక్కరికీ రాదు.

జర్మన్ల శిబిరంలో నాతో తెక్లా అనే అమ్మాయి ఉండేది. మన ఊరి స్టేషను వెనక బట్టలు కుట్టే ఆవిడ కూతురే, కానీ పరిచయం అక్కడే. పేలు పడతాయని చెప్పి మాకు మాటిమాటికీ గుండు గీసేవాళ్లు. తెక్లా పెన్సిల్ ముక్కతో చిత్తు కాగితాల మీద మా బొమ్మలు వేసేది. ముందుగా, "ఇంటి దగ్గర నీ జుట్టెలా ఉండేదే?" అని అడిగేది. నడుము దాకా అన్నాను. "కోతలు కొయ్యకు. నీ జడకే నా పెన్సిలంతా అరిగిపోయేట్టుంది" అంటూనే నడుము దాకా వేసింది. నా జడ భుజాలు దాటదని నీకు తెలుసు.

ఫిబ్రవరిలో తెక్లా జ్వరంతో పోయింది. తన బొమ్మ వేయాలని మాలో ఎవరికీ తోచలేదు.

తమ్ముడికి బూట్లు దొరికాయా? మేక ఉందా, అమ్మేశారా? బామ్మకు నా దండాలు.

ఒకసారి తెక్లా వాళ్లమ్మ దగ్గరికి వెళ్లు. కూతురి సంగతి అడిగితే, కాజియా వచ్చి చెబుతుందను. ఇక్కడి నర్సు నాకో పెన్సిల్ ఇచ్చింది. తెక్లా జుట్టెలా ఉండేదో వాళ్లమ్మనడిగి రాయి. నేనెప్పుడూ చూడలేదు.

నీ కాజియా